పాతగోడయు పుకారును: రెంటిని పరీక్షించు విధము

గ్రామమున పాత బడి గోడ బీటలు వారినదని తెలియగానే జనులు రెండు విధములుగ మాటలాడుదురు. "ఎన్ని వానలకు ఆగలేదు, దానికేమి కాదు" అని ఒకరందురు. "రేపో మాపో కూలును, పిల్లలను పంపకుడు" అని వేరొకరందురు. పెక్కు సందర్భములలో ఈ ఇద్దరిలో ఎవరును గోడ కడకు పోయి చూచినవారు కారు. వెనుకటి దినములలో ఇట్టి మాట రచ్చబండ దాటుటకు ఒక పూట పట్టెడిది. నేడది చేతిఫోనులో పడి గడియలో పది ఊళ్ళకు ప్రాకుచున్నది. కావున నేటి పంచాయతీ సభ్యునకు రెండు పనులు కలిసి వచ్చినవి. గోడను పరీక్షించుట మొదటిది. గోడను గూర్చిన మాటను పరీక్షించుట రెండవది. ఈ రెండు విద్యలకును హైదరాబాదు పాతబస్తీ మంచి పాఠశాల. అచ్చట జరిగిన కొన్ని సంఘటనలను ఆధారముగ గైకొని మేమీ పాఠమును సభ్యుల ముందుంచుచున్నాము.

చార్మినారు చెప్పు పాఠము

చార్మినారును 1591లో సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మింపజేసెను. రాతితోను సున్నముతోను కట్టి, దానిపై గచ్చుతో పూవులను లతలను తీర్చిరి. నాలుగు వందల ఏండ్లకు మించి ఎండవానలకు నిలిచిన ఈ కట్టడము నేడు భారత పురావస్తు శాఖవారి రక్షణలో నున్నది.

2019 మే 1వ తేదీ రాత్రి నైరుతి మినారు నుండి గచ్చు పెళ్ళ యొకటి ఊడి క్రిందపడినది. 2025 ఏప్రిల్ 3వ తేదీన భారీ వర్షము కురిసిన పిమ్మట ఈశాన్య మినారు నుండి మరికొంత గచ్చు రాలినది. రెండు పర్యాయములును ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. ఇట్టి సమయమున "గచ్చు పెళ్ళ ఊడినది" అనుట వేరు, "మినారు కూలుచున్నది" అనుట వేరు. మొదటిది కంటితో చూచిన సంగతి. రెండవది పరీక్ష లేకుండ చేసిన తీర్పు. గచ్చు దేహమునకు చర్మము వంటిది. లోపలి రాతికట్టు ఎముకల వంటిది. చర్మమునకు గాయమైనంత మాత్రమున ఎముక విరిగెనని వైద్యుడు చెప్పడు. అట్లని గాయమును ఉపేక్షింపడు కూడ. గచ్చు ఊడినచోట వాననీరు లోపలికి దిగును. దిగిన నీరు కట్టును వదులు చేయును. అదిగాక ఎత్తు నుండి పడిన చిన్న పెళ్ళయైనను తలపై పడినచో ప్రాణము తీయగలదు. కావున ఊడిన గోడ క్రింద వెంటనే కంచె కట్టి మనుష్యులను దూరముగ నుంచుట మొదటి కర్తవ్యము. కారణము విచారించుట తరువాతి పని.

ఇచ్చట సున్నమును గూర్చి ఒక ముఖ్య విషయము కలదు. మన పూర్వులు గానుగలో నూరిన డంగు సున్నమును, ఇసుకను కలిపి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయము మొదలగునవి చేర్చి గచ్చు చేసెడివారు. ఇట్టి పూత గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. అట్టి గోడపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే చిక్కుకొనును. కొన్ని సంవత్సరములలో సిమెంటు పెచ్చు తనతోపాటు లోపలి సున్నపు కట్టును కూడ ఊడదీసికొని పడును. ఊరిలోని పాత కోట బురుజునకో, కోనేటి మెట్లకో, చావడి గోడకో శ్రద్ధతోనే సిమెంటు పూసి పాడుచేసిన పంచాయతీలు లేకపోలేదు. సున్నపు గోడకు సున్నమే మందు.

పగుళ్ళను చదువు విధము

ప్రతి పగులును ప్రమాదకరము కాదు. ప్రతి పగులును నిరపాయకరమును కాదు. ఇంజనీరు వచ్చులోగా సభ్యులు స్వయముగ చూడదగిన గురుతులను క్రింద చెప్పుచున్నాము.

మొదట, పగులు పూతలోనే యున్నదా, గోడ లోపలికి పోయినదా చూడవలెను. వెండ్రుకవంటి సన్నని గీతలు తరచు పూతకు సంబంధించినవి. కిటికీ మూల నుండి ఏటవాలుగ క్రిందికి దిగి, గోడకు రెండువైపులను కనిపించు పగులు పునాది కుంగుటకు చిహ్నము కావచ్చును.

రెండవది, పగులు పెరుగుచున్నదా లేదా తెలిసికొనవలెను. పగులునకు అడ్డముగ ఒక సన్నని గాజుముక్కను ప్లాస్టరుతో అతికించి, దానిపై తేదీ వ్రాయవలెను. గాజు పగిలినచో గోడ కదలుచున్నదని అర్థము. ఒక వానకాలము, ఒక వేసవి గడచినను గాజు చెక్కుచెదరనిచో ఆ పగులు పాతదై నిలిచిపోయినదని ఊహింపవచ్చును.

మూడవది, మేస్త్రీ వద్దనుండు తూకపు గుండును గోడ పైనుండి వ్రేలాడదీసి, గోడ ప్రక్కకు ఒరిగెనా, నడుమ ఉబ్బెనా చూడవలెను. ఉబ్బిన గోడ పగిలిన గోడకంటెను ఎక్కువ భయపడదగినది.

నాలుగవది, చిన్న సుత్తితో మెల్లగ తట్టి వినవలెను. బోలుగ మ్రోగినచోట పూత గోడను విడిచినదని తెలియును. ఇనుప చువ్వల స్లాబు గల బడిలో పైకప్పు నుండి పెచ్చులూడి, త్రుప్పుపట్టిన చువ్వలు కనిపించినచో ఆ గదిలో పిల్లలను కూర్చుండబెట్టరాదు.

ఐదవది, నీటి జాడ వెదకవలెను. పాత కట్టడములకు నీరే ప్రధాన శత్రువు. పైకప్పు తూములు పూడినవా, గోడ మొదట మురుగు నిలుచుచున్నదా, రావి మఱ్ఱి మొలకలు వేళ్ళు దిగినవా పరిశీలింపవలెను. బలిసిన రావి వేరును బలవంతముగ పెరికినచో రాళ్ళు కదలును. కోసి, చంపి, సందును సున్నముతో పూడ్చుట మేలు.

కూలునా, పనికివచ్చునా?

మూసీ తీరమున అఫ్జల్‌గంజ్‌లో నున్న ఉస్మానియా ఆసుపత్రి భవనము నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున నిర్మింపబడినది. దానిని పడగొట్టవలెనని 2015లో ప్రభుత్వము తలపెట్టగా, మరమ్మతుతో నిలుపవచ్చునని వారసత్వ పరిరక్షణ సంస్థయగు ఇంటాక్ నిపుణులు చెప్పిరి. 2020 జూలైలో వాననీరు, మురుగునీరు వార్డులలోనికి చొచ్చిన తరువాత ఆ పాత భవనమును ఖాళీ చేసిరి. వివాదము హైకోర్టునకు పోయినది. తుదకు కొత్త ఆసుపత్రిని గోషామహల్‌లో కట్టుటకై 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినది.

ఈ దీర్ఘవివాదము నుండి మనము నేర్వదగినది ఒకటి కలదు. "ఈ కట్టడము నిలుచునా?" అనునది ఒక ప్రశ్న. "ఇప్పుడు చేయుచున్న పనికి ఇది తగినదా?" అనునది వేరొక ప్రశ్న. ఆసుపత్రికి తగని భవనము మరొక పనికి తగవచ్చును. ఊరి పాత చావడి బడికి పనికిరాకపోవచ్చును. మరమ్మతు చేసినచో గ్రంథాలయమునకు చాలవచ్చును. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుటచే ఒకచోట నిలుపదగిన దానిని కూల్చుచున్నారు. మరొకచోట ఖాళీ చేయవలసిన దానిలో మనుష్యులను ఉంచుచున్నారు.

గోడ గట్టిగ నున్నంత మాత్రమున ఇల్లు సురక్షితమనియు తలపరాదు. 2025 మే 18న చార్మినారు సమీపమున గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనములో ఉదయమున నిప్పంటుకొని 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పసిపిల్లలు. షార్టు సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికముగ తెలిపిరి. లోనికి పోవు దారియు, మెట్లును మిక్కిలి ఇరుకు. అచ్చట గోడ కూలలేదు. బయటపడుటకు దారి చాలలేదు. కావున పాత కట్టడమును చూడబోయిన సభ్యుడు విద్యుత్తు తీగలను, మీటరు పెట్టెను, రెండవ ద్వారమును కూడ తప్పక చూడవలెను.

మాటకు కూడ పగులుండును

ఇక రెండవ విద్యను గూర్చి చెప్పెదము. 2018 మే నెలలో తెలంగాణమున పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ ద్వారా వదంతులు వ్యాపించినవి. మే 26వ తేదీ రాత్రి పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని ఆ అనుమానముతో జనసమూహము కొట్టి చంపినది. ఆమె ఏ బిడ్డను ఎత్తుకొనిపోలేదు. పాతగోడ కూలినచో దాని క్రింద నున్నవారే నశింతురు. పుకారు కూలినచో దారిన పోవు నిరపరాధి నశించును.

ఆ దినములలో దేశమంతట తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొను బాలుని ఎత్తుకొనిపోవుట కనిపించును. విచారింపగా అది పాకిస్థాన్‌లోని కరాచీలో బాలల రక్షణను గూర్చి ప్రజలను హెచ్చరించుటకై తీసిన ప్రచార చిత్రమని తేలినది. బిడ్డను తిరిగి అప్పగించి, హెచ్చరిక పలకను చూపు చివరి భాగమును ఎవరో కత్తిరించిరి. కత్తిరించిన ముక్కయే విషమైనది. మొత్తమును చూచినవాడు మోసపోడు.

ఆ సంవత్సరమే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగ నుండిన రెమా రాజేశ్వరి గారు గ్రామమునకొక పోలీసును నియమించి, డప్పులతోను జానపద గేయములతోను ఊరూర పుకార్ల గుట్టును చెప్పించిరి. ఆ ప్రయత్నము ఫలించి, అచ్చటి నాలుగు వందలకు పైబడిన గ్రామములలో పుకారు కారణముగ ఒక్క హత్యయు జరుగలేదు. ఫోను తెచ్చిన కీడును డప్పు ఆపినది. ఊరివారికి తెలిసిన గొంతు, తెలిసిన ముఖము, తెలిసిన భాష ఫోనుకంటె బలమైనవని దీనివలన తెలియుచున్నది.

పుకారు జాడ తీయు విధము

గోడ పగులును మొదలంట చూచినట్లే, మాటను కూడ మొదలంట చూడవలెను.

వార్త తెచ్చినవానిని "నీవు చూచితివా, ఎవరైన పంపిరా?" అని అడుగుడు. పంపిరన్నచో, పంపినవానిని అదే అడుగుడు. మూడు నాలుగు మెట్లు ఎక్కునప్పటికి తరచు చూచినవాడెవ్వడును దొరకడు.

వార్తలో ఊరు, తేదీ, వేళ ఉన్నవా చూడుడు. "నిన్న రాత్రి ప్రక్క ఊరిలో" అను మాట ఏ ఊరిలో చదివినను నిజమువలె తోచును. కావుననే దానిని నమ్మరాదు.

వాట్సాప్‌లో సందేశముపై రెండు బాణముల గురుతున్నచో అది పెక్కు చేతులు మారి వచ్చినదని అర్థము. దానిని మరింత జాగ్రత్తగ చూడవలెను.

చిత్రములో దుకాణపు పలకల భాషను, వాహనముల నంబర్లను, మనుష్యుల వేషమును గమనింపుడు. ఫోనులోని గూగుల్ లెన్స్ ద్వారా ఆ చిత్రము ఇంతకుముందు ఎక్కడ, ఎప్పుడు ప్రచురింపబడినదో వెదకవచ్చును. పాత చిత్రమునకు కొత్త పేరు పెట్టుట పుకారుకోరుల సాధారణ విద్య.

తుదకు సంబంధించిన అధికారినే అడుగుడు. గోడ సంగతి ఇంజనీరును, నేరము సంగతి పోలీసు ఠాణాను అడుగవలెను. అత్యవసరమైనచో 112 నంబరునకు ఫోను చేయవలెను. ఈ విచారణ ముగియువరకు ఆ వార్తను మరొకరికి పంపరాదు. ప్రజలలో భయోత్పాతము కలిగించు తప్పుడు వార్తలను వ్యాప్తి చేయుట భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షను క్రింద శిక్షార్హమని కూడ ఊరివారికి తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

వానకాలమునకు ముందు ప్రతి సంవత్సరము సభ్యులు, మేస్త్రీ, బడి ప్రధానోపాధ్యాయుడు కలిసి ఊరిలోని పాత కట్టడములన్నిటిని ఒకమారు తిరిగి చూడవలెను. ప్రతిదానికి ఒక పుట కేటాయించి పగులు, చెమ్మ, తీగలు, ద్వారములు వీనిని తేదీతో వ్రాసి ఫోటో తీసి ఉంచవలెను. ఈ పుస్తకము రెండు విధముల ఉపకరించును. మరుసటి సంవత్సరము పగులు పెరిగెనా లేదా దీనివలన తెలియును. ఎవరైన పాత ఫోటో చూపి "బడి కూలుచున్నది" అని పుకారు పుట్టించినచో దీనిని తెరచి చూపవచ్చును.

తెలంగాణమున 2019లో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమమున పాడుబడిన ఇండ్లను తొలగించు పని చేర్చబడినది. అది మంచి పనియే. కాని తొలగింపునకు ముందు అది పాడుబడిన ఇల్లా, పరిరక్షింపదగిన చరిత్ర చిహ్నమా యని విచారింపవలెను. కేంద్ర రక్షిత కట్టడమునకు 100 మీటర్లలోపల కొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపై మరి 200 మీటర్ల వరకు అనుమతి కావలెను. మన రాష్ట్రమున 2017 నాటి వారసత్వ చట్టము కూడ కలదు.

అపాయమున్నచోట ఆలస్యము కూడదు. అపాయము లేనిచోట భయము కూడదు. చూడక "ఏమి కాదు" అన్నవాడును, చూడక "కూలును" అన్నవాడును ఊరికి సమానముగ హాని చేయువారే. చూచి, వ్రాసి, అడిగి చెప్పువాడే ఊరికి పెద్ద.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో యాభై ఏండ్లు దాటిన ప్రజోపయోగ కట్టడములెన్ని? వాని గోడలను కడపట ఎవరు, ఎప్పుడు చూచిరి?
2. బడిలో నిప్పంటుకొన్నచో పిల్లలు బయటపడుటకు రెండవ దారి యేది?
3. గడచిన సంవత్సరమున ఊరిలో తిరిగిన ఒక పుకారు ఎక్కడ పుట్టినది? దానిని ఎవరు ఆపిరి?
4. రేపొక పుకారు వచ్చినచో చాటింపు వేయించు బాధ్యత ఎవరిది?