దీవి కూడా ఒక ఓడే

సముద్రాన్ని మానవునికి వశపరచి, అందులో నుండి తాజా మాంసం తినే ఏర్పాటు చేశానని, మానవుడు కృతజ్ఞుడు కావాలన్నదే దీని ఉద్దేశమని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లోని ‘నహ్ల్’ సూరా 14వ ఆయతులో తెలియజేశాడు. చేప కూర తిని ‘అల్‌హమ్దులిల్లాహ్’ అనడంతో ఈ కృతజ్ఞత పూర్తవుతుందా? ఆ చేప పెరిగిన నీటి పట్ల మన బాధ్యత ఏమీ లేదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం ఒకసారి లక్షద్వీప్‌కు వెళ్ళివద్దాం.

కేరళ తీరానికి 200 నుండి 440 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రంలో ఉన్న చిన్న చిన్న దీవుల సముదాయమిది. మొత్తం 36 దీవులలో జనం నివసించేవి పది మాత్రమే. భూమి అంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభా 64 వేల పైచిలుకు. వారిలో నూటికి 96 మంది మన ముస్లిం సోదరులే.

సముద్రం పెట్టిన భోజనం

ఆ దీవులలో వరి పండదు. బియ్యం ఓడల మీద రావలసిందే. దీవి స్వయంగా ఇచ్చేవి ముఖ్యంగా రెండు: కొబ్బరి, చేప. కొబ్బరి చెట్టు నుండి తీసిన తియ్యని నీరాను పులియనివ్వకుండా కాచి బెల్లం చేస్తారు. కొబ్బరి కోరును బెల్లంతో కలిపి, ఉండలు చుట్టి, ఎండుటాకులలో కట్టి దాచుకుంటారు.

ఇక చేప అంటే వారికి ప్రధానంగా ట్యూనా. దక్షిణాన చిట్టచివర ఉన్న మినికాయ్ దీవిలో దానితో ‘మాస్‌మీన్’ తయారుచేస్తారు. చేపను శుభ్రం చేసి, నిలువుగా ముక్కలు కోసి, ఉప్పునీటిలో ఉడికించి, పొగబెట్టి, ఆ తరువాత ఎండబెడతారు. అది కట్టెలా గట్టిపడి నెలల తరబడి నిల్వ ఉంటుంది. వర్షాకాలంలో సముద్రం పోటెత్తి పడవలు ఒడ్డెక్కినప్పుడు ఇంటివారు దానినే దంచి, కొబ్బరి, ఉల్లిపాయ, మిరపకాయలతో కలుపుకొని తింటారు. ఒక్క ముక్క కూడా వృథా పోనివ్వని వంట ఇది. తినండి, త్రాగండి, కాని దుబారా చేయకండి అన్న ‘ఆరాఫ్’ సూరా 31వ ఆయతు బోధ ఆ వంటింట్లో ఆచరణ రూపంలో కనిపిస్తుంది.

ఒక గాలానికి ఒక చేప

ట్యూనాను పట్టే పద్ధతి కూడా గమనించదగినది. మత్స్యకారులు ముందుగా దీవిని ఆనుకుని ఉన్న లోతు తక్కువ నీటిలో, పగడపు దిబ్బల దగ్గర చిన్న ఎర చేపలను పట్టి, పడవలోని నీళ్ళలో బ్రతికించి ఉంచుతారు. బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనబడగానే ఆ ఎరను చల్లి, పైనుండి నీళ్ళు చిమ్ముతారు. చేపలు ఎగబడగానే పొడవాటి గడలకు కట్టిన గాలాలతో ఒక్కొక్కటిగా పడవలోకి విసురుతారు. అవసరం లేని జీవులు ఈ పద్ధతిలో చాలా తక్కువగా చనిపోతాయి. మినికాయ్‌కి చెందిన ఈ నైపుణ్యాన్ని 1960ల నుండి ప్రభుత్వం ఇతర దీవులకు కూడా నేర్పించింది.

ఇందులో ఒక మేలు దాగి ఉంది. దీవివాసులు బయటి సముద్రంలోని ట్యూనాను తిన్నంతకాలం పగడపు దిబ్బల మీద బ్రతికే చేపల జోలికి ఎక్కువగా పోలేదు. ఆ దిబ్బల చేపలలో కొన్ని పగడాల మీద పెరిగే నాచును తిని శుభ్రం చేస్తాయి. చిలుక ముక్కు వంటి నోరు గల చేపలు పగడపు రాతిని కొరికి ఇసుకగా విడిచిపెడతాయి. దిబ్బలు అలలను ఆపి దీవిని కాపాడతాయి. అంటే వారి కంచంలోని అలవాటే వారి కాళ్ళ క్రింది నేలను కాపాడుతూ వచ్చింది! ఇప్పుడు బయటి మార్కెట్ కోసం దిబ్బల చేపల వేట పెరుగుతోంది. ఆ అలవాటు మారితే కంచమే కాదు, నేల కూడా నష్టపోతుంది.

ఊరంతా చేసే సేవ

మినికాయ్‌లో ఒక్కో గ్రామానికి పురుషులలో ఒక పెద్ద, స్త్రీలలో ఒక పెద్ద ఉండే సంప్రదాయం ఉంది. ఊరి పనులు అందరూ కలిసి చేస్తారు. లక్షద్వీప్ దీవులలో బడిపిల్లలు, యువకులు, మత్స్యకారులు కలిసి ఒడ్డున పేరుకున్న ప్లాస్టిక్ సీసాలు, తెగిన వలల ముక్కలు ఏరివేస్తుంటారు. కొన్ని దీవులలో మత్స్యకారులు తాము పట్టిన చేపల లెక్కను తామే పుస్తకంలో వ్రాసి ఉంచే పనిలో పాల్గొన్నారు. 2022లో మినికాయ్‌లోని తుండి తీరానికి, కద్మత్ తీరానికి అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు లభించింది.

దారిలో నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. మనిషి నడిచే దారికే ఇంత ప్రాముఖ్యం ఉంటే, వేలమందికి ఆహారం వచ్చే దారిని శుభ్రం చేయడం ఎంత గొప్ప పుణ్యకార్యమో ఆలోచించండి.

రంధ్రం ఎవరు చేస్తున్నారు?

అయితే ఒక చేదు నిజం చెప్పుకోక తప్పదు. 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో సముద్రపు నీరు మితిమీరి వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబడిపోయాయి. వాటిలో చాలా భాగం చనిపోయాయి. 1998 నుండి 2022 వరకు జరిగిన పరిశీలనలో సజీవ పగడం దాదాపు సగానికి తగ్గినట్లు తేలింది. ఒడ్డున చెత్త ఎంత ఏరినా సముద్రపు వేడి తగ్గదు. ఆ వేడిలో దీవివాసుల పాలు చాలా స్వల్పం. బొగ్గు, పెట్రోలు విచ్చలవిడిగా కాల్చేది దూరాన ఉన్న పెద్ద నగరాలు, పెద్ద దేశాలు.

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన, సహీహ్ బుఖారీలోని ఓడ ఉపమానం మనకు తెలిసిందే. కొందరు చీట్లు వేసుకుని ఓడలో పై అంతస్తులో, కొందరు క్రింది అంతస్తులో చోటు చేసుకున్నారు. నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి వెళ్ళి వారిని ఇబ్బంది పెట్టడమెందుకని క్రిందివారు తమ భాగంలో రంధ్రం చేయాలనుకున్నారు. వారిని వదిలేస్తే అందరూ మునిగిపోతారు, చేయి పట్టి ఆపితే అందరూ బ్రతుకుతారు.

ఈనాడు ఆ ఉపమానంలో మనమెక్కడున్నాం? రంధ్రం చేస్తున్నది మనవంటి పై అంతస్తువారు. నీళ్ళు ముందుగా ఎక్కుతున్నది క్రింద ఉన్న దీవివాసులకు. భూమిపై, సముద్రంలో చెలరేగిన చెడు మానవుల చేతుల సంపాదనేనని ‘రూమ్’ సూరా 41వ ఆయతు హెచ్చరిస్తోంది. తప్పు చేసేవాడు ఒక అంతస్తులో, దాని ఫలితం అనుభవించేవాడు మరో అంతస్తులో ఉండవచ్చు. కాని ఓడ ఒక్కటే.

మనం చేయవలసినవి

1. వలీమా, ఇఫ్తార్ విందులలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లకు బదులు కడిగి వాడుకునే పాత్రలు, విస్తరాకులు వాడుదాం. అక్కడ పారేసినది కాలువలో, ఏటిలో, చివరికి సముద్రంలోనే చేరుతుంది.

2. తినగలిగినంతే వడ్డించుకుందాం. మిగిలిన భోజనం అదే పూట అవసరమైనవారికి చేరే ఏర్పాటు ముందే చేసుకుందాం.

3. మస్జిద్ పరిసరాలను, దగ్గరలోని చెరువు గట్టును నెలకొకసారి అందరం కలిసి శుభ్రం చేద్దాం. ఇతర మతాల సోదరులను కూడా ఆహ్వానిద్దాం. పిల్లలను వెంట తీసుకువెళదాం.

4. నీటిని పాడుచేసేవారిని చూసి మౌనంగా ఉండకుండా, మృదువుగా నచ్చజెబుదాం. ఆ ఓడలో రంధ్రం చేయనివారు కూడా మౌనంగా ఉంటే మునిగిపోతారు.

మినికాయ్‌లో ఒక తల్లి దంచుతున్న మాస్‌మీన్ ముక్క వెనుక ఒక పడవ, ఆ పడవ వెనుక ఎర చేప, ఆ ఎర చేప వెనుక బ్రతికున్న పగడం ఉన్నాయి. ఆ గొలుసు తెగకుండా చూడటం కూడా కృతజ్ఞతలో భాగమే.

తానిచ్చిన అనుగ్రహాలను అమానతుగా కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.