పచ్చ రంగు అంటే ఏ రంగు?

పిల్లలూ! బదిలీ మీద ఢిల్లీ వచ్చాం, కొత్త క్వార్టరులో మన గదికి రంగు ఎంచుకోమన్నారు అనుకుందాం. ఊళ్లో ఉన్న అమ్మమ్మను ఫోనులో అడిగితే, “పచ్చ రంగు వేయించుకోండర్రా, గది కళకళలాడుతుంది” అంది. రంగులు వేసే ఆయన “పీలా? హరా?” అని అడిగాడు. ఏం చెబుదాం?

హిందీలో ఈ రెండు రంగులకూ వేరువేరు మాటలున్నాయి. తమిళంలో ‘పచ్చై’ అంటే ఆకుల రంగే. మన ‘పచ్చ’ మాత్రం రెండింటికీ చెల్లుతుంది. పచ్చకామెర్లు వస్తే కళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. రైలు గార్డు ఊపే పచ్చజెండా ఆకు రంగులో ఉంటుంది. అందుకే తేడా తెలియాల్సిన చోట ‘పచ్చ’కు ముందు మనకు తెలిసిన వస్తువు పేరు చేరుస్తాం: పసుపుపచ్చ, ఆకుపచ్చ, చిలకపచ్చ.

అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీన్‌కు మనలో చాలామందిమి వెళ్లే ఉంటాం. అక్కడ ఆకుకూర పప్పు వడ్డిస్తే కంచంలోకి చూడండి. పప్పు పసుపుపచ్చ, అందులోని ఆకు ఆకుపచ్చ. రెండు పచ్చలూ ఒక్కచోటే కనిపిస్తాయి.

రంగు ఎంత గాఢమో చెప్పడానికి ‘లేత’, ‘ముదురు’ అంటాం. లేత వంకాయ, ముదురు బెండకాయ అన్నప్పటి మాటలే ఇవి.

ఇప్పుడు గది సంగతి చూద్దాం.

లేత పసుపుపచ్చ: మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది. ఢిల్లీ చలికాలంలో ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ రాదు. అలాంటి గదికి ఇది నప్పుతుంది. మరకలు మాత్రం త్వరగా కనిపిస్తాయి.

ముదురు ఆకుపచ్చ: వెలుతురును ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎండ బాగా వచ్చే గదిలో కంటికి హాయిగా ఉంటుంది. చిన్న గదిలో నాలుగు గోడలకూ వేస్తే చీకటిగా అనిపిస్తుంది. ఒక్క గోడకు వేసి, మిగిలిన మూడింటికి లేత రంగు వేయవచ్చు.

ఏది ఎంచుకున్నా, ముందు గోడ మీద కొంచెం వేయించి, పగటి వెలుగులోనూ రాత్రి దీపం వెలుగులోనూ చూడాలి. ఒకే రంగు రెండు వేళల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది.

అభ్యాసం

1. వస్తువుల పేర్లతో ఏర్పడిన మరో ఐదు రంగుల పేర్లు రాయండి. (ఉదా: బూడిద రంగు)
2. మీ గది కిటికీ ఏ దిక్కున ఉంది? పై రెండు రంగుల్లో దానికి ఏది నప్పుతుంది? ఎందుకు?
3. “పచ్చ చీర అంటే ఏ రంగు చీర?” అని అమ్మమ్మనో నానమ్మనో అడగండి. ఆమె మాటల్లోనే రాసుకుని తరగతికి తీసుకురండి. వేరే ఊరి స్నేహితులకు వచ్చిన జవాబుతో పోల్చి చూద్దాం.