కారు, గేరు, గాలి



తొమ్మిదో తరగతిలో ఘర్షణ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి ఇలా అడిగాడు: "మాస్టారూ! మా బాబాయి ఊళ్ళో కారు నడిపితే లీటరు పెట్రోలుకు తక్కువ కిలోమీటర్లు వస్తున్నాయి. పెద్ద రోడ్డెక్కి నింపాదిగా వెళితే ఎక్కువ వస్తున్నాయి. అదే రోడ్డు మీద జోరుగా వెళితే మళ్ళీ తగ్గిపోతున్నాయి. కారూ అదే, టాప్ గేరూ అదే. మరి ఈ తేడా ఎందుకు?"

మంచి ప్రశ్న! ఇందులో మొదటి భాగం తేలిక. ఊళ్ళో మాటిమాటికీ బ్రేకు వెయ్యాలి. వేసినప్పుడల్లా కారు సంపాదించుకున్న గతిజశక్తి బ్రేకుల దగ్గర వేడిగా మారి వృథా అవుతుంది. మళ్ళీ వేగం అందుకోవడానికి మళ్ళీ పెట్రోలు కావాలి. పెద్ద రోడ్డు మీద ఈ బెడద లేదు. అయితే అక్కడ జోరు పెంచితే ఖర్చు ఎందుకు పెరగాలి? ఇది తెలియాలంటే రెండు చోట్ల వెతకాలి. ఒకటి ఇంజను లోపల, రెండు కారు బయట.

పెట్రోలు శక్తి ఎటు పోతుంది?

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి వెలువడుతుంది. ఇందులో చక్రాలకు చేరేది ఇంచుమించు నాలుగో వంతు, అంటే 80 లక్షల జౌళ్ళు. మిగిలినదంతా ప్రధానంగా రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా వేడిగా బయటికి పోతుంది. ఇంజను భాగాల మధ్య ఘర్షణ కూడా కొంత తినేస్తుంది.

చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో పోయే కారుకు అసలు శక్తి ఎందుకు? అడ్డగించే బలం ఏదీ లేకపోతే న్యూటన్ మొదటి నియమం ప్రకారం అది అలా పోతూనే ఉండాలి. కాని అడ్డగించేవి రెండున్నాయి. ఒకటి టైర్ల దొర్లుడు ఘర్షణ. రెండోది గాలి నిరోధం. చక్రాలకు చేరిన శక్తి అంతా ఈ రెంటికీ కప్పం కట్టడానికే సరిపోతుంది.

గేరు చేసే పని

గేర్లున్న సైకిలును చూశారా? వెనుక పెద్ద పళ్ళచక్రం మీద గొలుసు ఉంటే మెట్ట సులభంగా ఎక్కవచ్చు. కాని పెడళ్ళను గబగబా తొక్కాలి. చిన్న పళ్ళచక్రం మీద ఉంటే కాస్త బలంగా తొక్కాలి కాని, నెమ్మదిగా తొక్కినా సైకిలు చాలా దూరం పోతుంది. కారు గేర్లలోని సూత్రమూ ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. చక్రం ఒకసారి తిరిగితే కారు 1.8 మీటర్లు ముందుకు పోతుందనుకోండి. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు, నిమిషానికి 1200 మీటర్లు. కనుక చక్రం నిమిషానికి సుమారు 667 సార్లు తిరుగుతుంది. మూడో గేరులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజను 6 సార్లు తిరగాలనుకుంటే, ఇంజను నిమిషానికి 4000 సార్లు తిరుగుతుంది. నాలుగో గేరులో 4.5 సార్లయితే 3000, ఐదో గేరులో 3.6 సార్లయితే 2400. కారు వేగం మాత్రం మారలేదు!

ఇంజను తక్కువసార్లు తిరిగితే లాభమేమిటి? పిస్టన్లు సిలిండర్లలో రాసుకునే దూరం తగ్గుతుంది. ఘర్షణలో పోయే శక్తి తగ్గుతుంది. ఇంకొక లాభం కూడా ఉంది. అది అందరికీ తెలియదు.

చేసి చూడండి: సూది లేని ప్లాస్టిక్ సిరంజి తీసుకోండి. దాని మూతిని వేలితో మూసి, లోపలి కాడను వెనక్కి లాగండి. ఎంత కష్టమో తెలుస్తుంది. వేలు తీసి లాగండి. సులభంగా వచ్చేస్తుంది. పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి వచ్చే దారిలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. దానినే థ్రాటిల్ అంటారు. యాక్సిలరేటరు కొద్దిగానే తొక్కితే ఈ తలుపు కొద్దిగానే తెరుచుకుంటుంది. అప్పుడు పిస్టను గాలిని పీల్చుకోవడానికి, వేలు అడ్డం పెట్టిన సిరంజిలాగా, అవస్థ పడుతుంది. పై గేరులో ఇంజను నెమ్మదిగా తిరుగుతూ అదే పని చెయ్యాలి కనుక తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది. పీల్చే శ్రమ తగ్గుతుంది.

అలాగని మెట్ట మీద కూడా పై గేరులోనే లాగిస్తే ఇంజను లాగలేక కొట్టుకుంటుంది. అప్పుడు గేరు దించవలసిందే. పల్లంలో పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్లో వదలడం కూడా పొరపాటు. అప్పుడు వేగాన్ని ఆపడానికి ఇంజను తోడుండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పైగా నేటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే పెట్రోలు సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజను తిరగడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి.

కనబడని గోడ

ఇక కారు బయటికి వద్దాం. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి గాలి బలమెంతో వేరే చెప్పనక్కరలేదు. గాలి నిరోధం వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపయితే నిరోధం నాలుగు రెట్లవుతుంది. దొర్లుడు ఘర్షణ మాత్రం వేగంతో అంతగా మారదు.

1000 కిలోల బరువున్న ఒక మామూలు కారుకు లెక్క కడదాం. దాని ఎదుటి వైశాల్యం 2 చదరపు మీటర్లు, నిరోధ గుణకం 0.35 అనుకోండి. దొర్లుడు ఘర్షణ సుమారు 120 న్యూటన్లు ఉంటుంది. గంటకు 72 కి.మీ. వేగం వద్ద గాలి నిరోధం 168 న్యూటన్లు. మొత్తం 288. గంటకు 108 కి.మీ. వద్ద గాలి నిరోధం 378 న్యూటన్లు. మొత్తం 498.

బలాన్ని దూరంతో గుణిస్తే పని వస్తుంది కదా! 100 కిలోమీటర్లకు మొదటి వేగంతో 2 కోట్ల 88 లక్షల జౌళ్ళు, రెండో వేగంతో 4 కోట్ల 98 లక్షల జౌళ్ళు కావాలి. లీటరుకు 80 లక్షల జౌళ్ళ చొప్పున భాగిస్తే, మొదటిదానికి 3.6 లీటర్లు, రెండోదానికి 6.2 లీటర్లు. జోరుగా నడిచేటప్పుడు థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుని ఇంజను దక్షత కొంత పెరుగుతుంది కనుక, నిజంగా నడిపినప్పుడు తేడా కాస్త తగ్గవచ్చు. అయినా అది చిన్న తేడా కాదు.

ఆకారంలో ఉన్న కిటుకు

పెద్దవారిని దగ్గర ఉంచుకుని ఈ ప్రయోగం చెయ్యండి. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు ఒక అట్టముక్క నిలబెట్టి, అట్ట మీదికి గట్టిగా ఊదండి. మంట మీకు దూరంగా వంగడానికి బదులు అట్ట వైపే వంగుతుంది! అట్ట వెనుక గాలి సుడులు తిరిగి, పీడనం తగ్గడమే దీనికి కారణం. అట్టకు బదులు గుండ్రటి సీసా పెట్టి ఊదండి. గాలి సీసాను చుట్టుకుని పోయి మంటను అవతలికి వంచుతుంది. కారును వెనక్కి లాగేది ఎక్కువగా దాని వెనుక ఏర్పడే ఈ సుడులే. అందుకే ముందుభాగాన్ని నున్నగా చేస్తే చాలదు, వెనుకభాగాన్ని కూడా తీర్చిదిద్దాలి. చేప తోక వైపు క్రమంగా సన్నబడటం మీరు చూసే ఉంటారు.

ఈ కిటుకును విమానాలు తయారుచేసిన ఎడ్మండ్ రుంప్లర్ అనే ఇంజనీరు చాలా ముందే గ్రహించాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో నీటిబొట్టు ఆకారపు కారును పెట్టాడు. దాని పేరుకు అర్థమే "బొట్టు బండి". 1979లో దానిని గాలి సొరంగంలో పరీక్షిస్తే నిరోధ గుణకం 0.28 అని తేలింది. 1982లో వచ్చిన ఆడి 100 కారు 0.30 సాధించినందుకే ఎంతో పేరు పొందింది!

కారు టాపు మీద సామాన్లు కట్టినా, ఖాళీ క్యారియర్ వదిలేసినా, ఇంజనీర్లు అంత శ్రమపడి తీర్చిన ఆకారం చెడిపోతుంది. నేటి విద్యుత్ కార్లలో చాలావాటికి ఒకటే గేరు. కాని గాలి మాత్రం వాటినీ వదలదు.

రెండూ కలిపి చూస్తే

ఇప్పుడు ఆ విద్యార్థికి జవాబు చెప్పవచ్చు. ఎంత శక్తి కావాలో నిర్ణయించేవి వేగం, ఆకారం, టైర్లు. ఆ శక్తిని ఇంజను ఎంత పొదుపుగా తయారుచెయ్యాలో నిర్ణయించేది గేరు. టాప్ గేరు ఇంజను లోపలి వృథాను కొంత తగ్గించగలదు. కాని బయట గాలి అడిగే కప్పాన్ని ఒక్క జౌలు కూడా తగ్గించలేదు.

ఈ లెక్కను ప్రభుత్వాలు కూడా వేశాయి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు పంపడం ఆపివేసినప్పుడు అమెరికా తీవ్రమైన కొరతలో పడింది. 1974 జనవరిలో దేశమంతటా గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్ళకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితం చేస్తూ చట్టం చేసింది. 1995లో ఆ చట్టం రద్దయింది. గాలి నియమం మాత్రం రద్దు కాలేదు.

మన దేశం వాడే ముడి చమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా విదేశాల నుంచి కొనవలసి వస్తోంది. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. ఆగకుండా 72 కి.మీ. వేగంతో వెళితే 3 గంటల 45 నిమిషాలు, మన లెక్క ప్రకారం 10 లీటర్ల లోపు పెట్రోలు. 108 కి.మీ. వేగంతో 2 గంటల 30 నిమిషాలు, సుమారు 17 లీటర్లు. గంటంబావు కోసం 7 లీటర్లు! ఈసారి కారెక్కినప్పుడు ఈ లెక్క మీ ఇంట్లో పెద్దలకు చెప్పండి.

ఆలోచించండి

1. పై కారు గంటకు 54 కి.మీ. వేగంతో పోతే గాలి నిరోధం ఎంత?

2. గంటకు 72 కి.మీ. వేగంతో పోయే అదే కారుకు గంటకు 36 కి.మీ. ఎదురుగాలి తగిలితే గాలి నిరోధం ఎంతవుతుంది?

(జవాబులు: 1. 94.5 న్యూటన్లు. 2. గాలితో పోలిస్తే కారు వేగం 108 కి.మీ. కనుక 378 న్యూటన్లు.)