జుబైల్ కొత్తింట్లో ఏ బల్బులు వేయాలి?

ప్రశ్న: సౌదీలోని జుబైల్‌లో కొత్తగా కట్టిన ఇంట్లో దిగాం. అప్పుడే రెండు బల్బులు పోయాయి. ఊరినుంచి తెచ్చుకున్న ఎల్ఈడీలు హోల్డర్‌లో పట్టడం లేదండీ. ఏవి కొనాలి?

జవాబు: మనవైపు పిన్ను బల్బులెక్కువ, అక్కడ మర తిప్పే ఈ27 రకం ఎక్కువ. స్విచ్ కట్టేసి, పోయిన బల్బు చల్లారాక విప్పి, దాన్నే దుకాణానికి పట్టుకెళ్లండి. వోల్టేజీ మాత్రం తప్పక చూడండి. సౌదీలో ఒకప్పుడు ఇళ్లకు 127 వోల్టులిచ్చేవారు, కొత్త ఇళ్లకు 230 ఇస్తున్నారు. 127కే చేసిన పాత సరుకు కొత్త ఇంట్లో పెడితే మాడిపోతుంది. వాట్లకన్నా ల్యూమెన్లు ముఖ్యం: పాత 60 వాట్ల వెలుగుకు సుమారు 800 ల్యూమెన్ల ఎల్ఈడీ చాలు, 9 వాట్లే కాలుతుంది. గాజు డోము బిగించిన లైటైతే, మూసిన ఫిట్టింగులకు పనికొస్తుందని డబ్బా మీద రాసినదే తీసుకోండి. లోపలి వేడికి మామూలువి త్వరగా పోతాయి. అదే హోల్డర్‌లో మళ్లీ పోతే వైరింగ్ చూపించండి.