పీడీ (ఫిజికల్ డైరెక్టర్) అయిన మేనల్లుడికి



రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ వాలీబాల్ జట్టులో నెట్ దగ్గర స్మాష్ కొట్టే కుర్రాడు ఒక సెకండియర్ అమ్మాయిని నెల రోజులుగా బస్టాండు దాకా వెంబడిస్తున్నాడనీ, వద్దన్నా నంబర్లు మార్చి మెసేజీలు పెడుతున్నాడనీ ఆ అమ్మాయి కాగితం రాసిచ్చింది. ఇంటర్ కాలేజియేట్ పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం నీ చేతిలో పెట్టి, "నీ కుర్రాడే కదా, పిలిచి సర్దెయ్" అన్నారు.

నువ్వు సర్దొద్దురా. సర్దినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

1994లో నేనూ పీడీగా ఉన్నప్పుడు మా కబడ్డీ జట్టులో ఒక రైడర్ ఉండేవాడు. కూతకెళ్లాడంటే పాయింటు తేకుండా గీత దాటి వచ్చేవాడు కాదు. ఒక రాత్రి హాస్టల్లో ఫస్టియర్ పిల్లాడి చేత తన బనియన్లు ఉతికించుకుని, మురికి పోలేదని చెంప మీద కొట్టాడు. ఆ పిల్లాడి కర్ణభేరికి చిల్లు పడింది. తెల్లవారి మొదటి బస్సుకి వాళ్ల నాన్న వచ్చాడు. పత్తి తీతల రోజులు, పని వదులుకుని వచ్చాడాయన. ముగ్గురినీ నా గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాను. రైడర్ చేత తప్పయిపోయిందని చెప్పించాను, చేతులు కలిపించాను. "మీరు పెద్దలు, మీరెట్లా అంటే అట్లా సార్" అన్నాడు ఆ తండ్రి. దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. కొడుకు ఇంకా మూడేళ్లు అదే హాస్టల్లో ఉండాలి. ఆ మనిషి ఇంకేమనగలడు? సంక్రాంతి సెలవులకు ముందే ఆ పిల్లాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. మేము కప్పు గెలిచాం. ఆ ఫోటో చాలా ఏళ్లు నా గది గోడ మీదే ఉంది.

మరుసటి ఏడు ఒక టోర్నమెంటులో బెంచీ మీద కూర్చునే కుర్రాడొకడు లాడ్జిలో బీరు తాగి దొరికాడు. వాణ్ణి ఆ సాయంత్రమే బస్సెక్కించి పంపేశాను. మిగతా పదకొండు మందీ నా మొఖం వంక చూశారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్ల చూపులో లెక్క ఏమిటో నాకు అర్థమైంది. పాయింట్లు తెచ్చేవాడికి ఒక న్యాయం, నీళ్లు మోసేవాడికి ఇంకొకటి. ఆ తర్వాత క్రమశిక్షణ గురించి వాళ్లకు ఎన్ని చెప్పినా నా మాటలో బరువు లేదు.

అప్పటికి మన రాష్ట్రంలో ర్యాగింగ్ చట్టం లేదు. 1997లో వచ్చింది. ఫిర్యాదు అందాక చర్య తీసుకోని కాలేజీ అధిపతిని కూడా ఆ నేరానికి సాయపడ్డట్టే లెక్కగడుతుంది అది. చట్టం లేదు గనక అలా చేశానని నేను తప్పించుకోను. గెలుపు చేజారుతుందని భయపడ్డవాడు విచారణ చేయకూడదని తెలుసుకోవడానికి చట్టమే అక్కర్లేదు.

ఇప్పుడు నీకు దారి స్పష్టంగా ఉంది. విద్యార్థినుల వేధింపుల మీద యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా అధ్యాపకురాలు దానికి అధ్యక్షురాలు. వ్యవహారం విద్యార్థులదైతే విద్యార్థి సభ్యులు కూడా ఉంటారు. ఫిర్యాదు కాపీ 7 రోజుల్లోగా ఆ కుర్రాడికి అందాలి, వాడు 10 రోజుల్లో జవాబివ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. రాజీ అన్న మాట కూడా అందులో ఉంది. కానీ అది అడగాల్సింది ఆ అమ్మాయి, జరిపించాల్సింది కమిటీ. పోలీసుల దగ్గరికి వెళ్లడమా మానడమా అన్నదీ ఆ అమ్మాయి ఇష్టమే. వద్దంటున్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద నేరం. కేసు పెడితే కుర్రాడి భవిష్యత్తు పోతుందని ఆమె చెవిన వేసే పని నువ్వు గానీ, నీ తరఫున ఇంకెవరు గానీ చేయొద్దు.

కాబట్టి రేపు పొద్దున్నే ఆ కాగితాన్ని కవరింగ్ లెటర్‌తో ప్రిన్సిపాల్ గారికి తిరిగి ఇవ్వు. కమిటీకి పంపమని రాతపూర్వకంగా అడుగు, అందినట్టు సంతకం తీసుకుని ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. ఆయనకు కోపం రావచ్చు. వినయంగానే ఉండు, కానీ కాగితం మాత్రం వెనక్కి తీసుకోకు. ఆ అమ్మాయిని నీ గదికి పిలవొద్దు, గ్రౌండుకి అసలే పిలవొద్దు.

అమెరికాలో టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీలో సరిగ్గా ఇక్కడే దారి తప్పారు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద అమ్మాయిలు ఫిర్యాదు చేసినప్పుడు, కొన్నిసార్లు జట్టు సిబ్బందే ఆ అమ్మాయిలతోనో తల్లిదండ్రులతోనో నేరుగా మాట్లాడి, సంగతి పై వాళ్లకు తెలియజేయలేదని బయటి లాయర్ల విచారణలో తేలింది. 2016లో హెడ్ కోచ్ ఆర్ట్ బ్రైల్స్ ఉద్యోగం పోయింది, ప్రెసిడెంట్ పదవి నుంచి కెన్ స్టార్‌ను తప్పించారు. వాళ్ల పదవులు పోతేనేం, ఉంటేనేం. ఆ అమ్మాయిలు పోగొట్టుకున్న చదువు రోజులు తిరిగి రావు కదా.

జట్టు సంగతి. విచారణ తేలేదాకా వాణ్ణి పోటీలకు తీసుకెళ్లకు. కాలేజీ పేరున్న జెర్సీ వేసుకుని ఊరు దాటడం గౌరవమేగానీ హక్కు కాదు. ఇది శిక్ష కాదని, తప్పు తేలినట్టు కాదని వాడికిచ్చే కాగితంలో స్పష్టంగా రాయి. వాడి క్లాసులు, పరీక్షలు, హాస్టల్ జోలికి నువ్వు వెళ్లకు, అవి కమిటీ చూసుకుంటుంది. వాడు నిర్దోషి అని తేలితే మొత్తం జట్టు ముందు నువ్వే వాణ్ణి గ్రౌండులోకి పిలువు. తప్పు చేశాడని తేలితే కమిటీ చెప్పిన శిక్ష పూర్తిగా అమలు కానివ్వు, సౌత్ జోన్ సెలక్షన్లు నెత్తి మీదున్నా సరే.

మిగతా కుర్రాళ్లను రేపు సాయంత్రమే కూర్చోబెట్టు. అసలు ప్రమాదం అక్కడుంది. మనవాడికి అన్యాయం జరిగిందని నలుగురు కలిసి ఆ అమ్మాయి స్నేహితురాళ్ల దగ్గరికి వెళతారు, వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు నలుగుతుంది. ఆ పని చేసినవాడెవడైనా జట్టులో ఉండడని చెప్పు. చెప్పాక చేసి చూపించు, నలుగురే మిగిలి టోర్నమెంటుకి వెళ్లలేకపోతే పేరు విరమించుకో. వచ్చే ఏడు ఎలిజిబిలిటీ ఫారం మీద సంతకం పెట్టించేటప్పుడే మైదానం బయటి నడవడి నియమాలు కూడా తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకో.

ఇక ఆ కుర్రాడు. నా రైడర్‌ని ఆరోజు కాపాడానే తప్ప వాడితో ఒక్క పూటయినా మనసు విప్పి మాట్లాడలేదు. ఎందుకు కొట్టావని అడగలేదు. పాయింట్లు కావాలి గనక అడగలేదు. నువ్వు ఆ పొరపాటు చేయకు. జట్టు బస్సు వాడు లేకుండా బయలుదేరిన రాత్రి వాడు హాస్టల్లో ఒంటరిగా ఉంటాడు. కేసు సంగతి ఎత్తకు, మ్యాచ్ సంగతీ ఎత్తకు. ఒకసారి ఫోన్ చేసి అన్నం తిన్నాడో లేదో కనుక్కో.

నీ మావయ్య