పొలిమేర ఇల్లు

ప్రవేశిక

మానవుని ప్రధాన అవసరాలలో కూడు, గుడ్డ తరువాత చెప్పదగినది గూడు. సామాన్య కుటుంబం తన ఆయుష్కాలంలో ఒక్కసారి మాత్రమే ఇల్లు సమకూర్చుకోగలుగుతుంది. అందుకు ఏళ్ళ తరబడి కూడబెట్టిన ధనం, ఆపై తెచ్చిన అప్పు వెచ్చిస్తుంది. పట్టణం నడుమ స్థలం దొరకక, ధర అందక నేడు అనేకులు ఊరి అంచుకు తరలుతున్నారు. ఆ తరలింపులో ఆలోచించవలసిన విషయాలను పశ్చిమ ప్రకాశం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మన ఊళ్ళ పేర్ల చివర 'పేట' అనే మాట తరచుగా కనిపిస్తుంది. కోటకు వెలుపల వర్తకులు, వృత్తిపనివారు నివసించే భాగాన్ని పూర్వం పేట అనేవారు. పెద్ద గ్రామానికి అనుబంధమైన చిన్న ఊరిని శివారు గ్రామం అనడం నేటికీ ఉన్నది. కాబట్టి ఊరి వెలుపల నివాసం మనకు కొత్త కాదు. అయితే ఒకచోట నివసిస్తూ, మరొకచోట పనిచేస్తూ, నిత్యం రెండింటి నడుమ ప్రయాణించే జీవితం మాత్రం రైలు, బస్సు వచ్చిన తరువాత విస్తరించింది.

పాశ్చాత్య దేశాలలో ఈ మార్పు ముందుగా వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో లండను వంటి నగరాలు పొగతో, ఇరుకు ఇళ్ళతో నిండిపోయాయి. ఆ స్థితిని చూసిన ఎబెనేజర్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు 1898లో ఒక గ్రంథం ప్రకటించి, పట్టణంలోని ఉపాధి, పల్లెలోని గాలి వెలుతురు ఒకేచోట లభించే 'ఉద్యాన నగరం' కావాలని ప్రతిపాదించాడు. ఆయన భావాల ననుసరించి 1903లో ఇంగ్లండులో లెచ్‌వర్త్ పట్టణ నిర్మాణం మొదలైంది. హోవర్డ్ ఆలోచనలో ఇళ్ళతో పాటు నీరు, దారులు, తోటలు, పని ప్రదేశాలు ముందుగానే చేరి ఉన్నాయి. నేటి మన ఊరి అంచులలో తరచుగా హద్దురాళ్ళు ముందు వస్తాయి, తక్కినవి తరువాత వస్తాయి. చిక్కంతా అక్కడనే ఉన్నది.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, తరువాత ప్రకాశం జిల్లాగా పేరుపొందిన కొత్త జిల్లాలో ఇవి చేరాయి. జిల్లా కచేరీలో పని ఉంటే మార్కాపురం వారు సుమారు వంద కిలోమీటర్లు, గిద్దలూరు వారు అంతకంటె ఎక్కువ దూరం పోవలసి వచ్చేది. 2025 సంవత్సరాంతంలో మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడింది. కచేరీలు వచ్చేచోటికి ఉద్యోగులు వస్తారు. ఉద్యోగులు వచ్చేచోట ఇళ్ళకు గిరాకీ పెరుగుతుంది. పలకల పరిశ్రమకు, లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయానికి పేరుపొందిన మార్కాపురానికి ఇది శుభపరిణామమే. కాని గిరాకీ పెరిగిన వేళనే కొనుగోలుదారుకు నిదానం అవసరం.

ఊహకొక కుటుంబాన్ని తీసుకుందాం. భర్త గిద్దలూరులో ఉపాధ్యాయుడు. భార్య మార్కాపురం ఆసుపత్రిలో నర్సు. వారికి ఇద్దరు పిల్లలు, ఒక వృద్ధమాత, ఒక పెంపుడు కుక్క. మార్కాపురంలో వారుంటున్న అద్దె ఇంటి యజమాని కుక్కను ఉంచుకోవడానికి వీలులేదన్నాడు. పిల్లలు దానిని విడువలేమని కన్నీరు పెట్టారు. ఊరి అంచున స్థలం కొని ఇల్లు కట్టుకుందామని దంపతులు నిశ్చయించుకొని, ఒకనాడు కొత్త లేఅవుటుకు పోయి చూసివచ్చారు. మధ్యవర్తి రాబోయే కార్యాలయాలను గురించి, రాబోయే నీటిని గురించి ఎంతో చెప్పాడు. ఇంటికి వచ్చి ఆ మాటలన్నీ తల్లికి వినిపించగా ఆమె ఒకే ప్రశ్న వేసింది:

"స్థలం చూశారు, బాగానే ఉంది నాయనా! మరి నీళ్ళు చూశారా?"

ఆ ప్రశ్నతో వారి ఆలోచన మారిపోయింది. ఇల్లు కొనేవారు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలలో అది మొదటిది.

1. నీరు ఉన్నదా?

పశ్చిమ ప్రకాశంలో నీటికి రెండు బాధలు. ఒకటి కొరత, రెండవది ఫ్లోరైడు. అప్పటి నెల్లూరు జిల్లాలో ప్రబలిన ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు శాస్త్రీయంగా వెల్లడించారు. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలే 1970లో కొత్త జిల్లాలో కలిశాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అది మించితే పండ్లపై మచ్చలు, తీవ్రదశలో ఎముకల వైకల్యం కలుగుతాయి. ఇది పశువులను కూడ బాధిస్తుంది. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. అందుచేత స్థలం కొనకముందే అక్కడి బోరునీటిని పరీక్ష చేయించడం మేలు. బోరు వేయడానికి ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి పొందాలి.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఈ ప్రాంతపు చిరకాల స్వప్నం. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా వరదనీటిని నల్లమల కొండల గుండా తెచ్చే రెండు సొరంగాలలో మొదటిదాని తవ్వకం 2021లోను, రెండవదాని తవ్వకం 2024లోను పూర్తయ్యాయి. 2024 మార్చిలో ప్రారంభోత్సవం జరిగేనాటికి నిర్వాసితుల పునరావాసం, కాలువల పనులు ఇంకా మిగిలే ఉన్నాయి. ప్రాజెక్టుకు పునాదిరాయి పడినది 1996లో. దీనినిబట్టి నీరు వస్తుందన్న ఆశ వేరు, కొళాయిలో నీరు వేరు అని గ్రహించాలి. ఆశకు ధర చెల్లించే ముందు కుటుంబం ఎన్ని వేసవులు వేచి ఉండగలదో లెక్కించుకోవాలి.

2. హక్కు ఉన్నదా?

అమ్మేవానికి లేని హక్కు కొనేవానికి రాదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో లభించే ఈసీ పత్రం ఆ ఆస్తిపై నమోదైన క్రయవిక్రయాలను, తనఖాలను తెలుపుతుంది. రిజిస్ట్రేషను చట్టంలోని 22-ఎ సెక్షను కింద నిషేధిత భూముల జాబితా ఉంటుంది. చెరువు, వాగు, పోరంబోకు భూములు అందులో ఉన్నాయేమో చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. 2023 సవరణ ఇరవై ఏళ్ళు దాటిన కొన్నింటికి సడలింపు ఇచ్చినా, ప్రతి భూమికీ అది వర్తించదు.

ఐదువందల చదరపు మీటర్లకు మించిన లేఅవుటును 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద నమోదు చేయించాలి. రాష్ట్రంలో 2017 నాటి లేఅవుటు నిబంధనలు మొత్తం విస్తీర్ణంలో పదోవంతును ఖాళీ స్థలంగా విడువవలెనని నిర్దేశించాయి. పటంలో ఉద్యానమని చూపిన చోటు నేలమీద కూడ ఉద్యానంగా ఉన్నదా అని కంటితో చూసుకోవాలి. పిల్లలు ఆడుకునేది, పెంపుడు జంతువులు తిరుగాడేది అక్కడనే కదా!

3. దారి ఉన్నదా?

ధర తక్కువైన స్థలం దూరంగా ఉంటుంది. ఆ దూరానికి వెల ప్రతిరోజూ చెల్లించాలి. గుంటూరు–నంద్యాల రైలుమార్గం మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్ల మీదుగా పోయి, దిగువమెట్ట దాటి నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. స్టేషను పేరు చివర 'రోడ్డు' అని ఉంటే అది ఊరికి కొంత దూరంలో ఉన్నదని రైల్వేవారి సంకేతం. నూటయాభై కిలోమీటర్ల వరకు నెలవారీ సీజను టిక్కెట్టు లభిస్తుంది. అది ఖర్చును తగ్గిస్తుంది గాని కాలాన్ని తగ్గించదు.

మన ఉపాధ్యాయుని లెక్క చూడండి. మార్కాపురం నుండి గిద్దలూరు సుమారు అరవై కిలోమీటర్లు. ఇంటి నుండి స్టేషనుకు చేరడం, రైలు కోసం నిరీక్షించడం, ప్రయాణం, అన్నీ కలిసి పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అనుకుందాం. ఏడాదికి 220 పనిదినాలైతే ఆయన 660 గంటలు దారిలో గడుపుతాడు. అవి పగలు, రాత్రి కలిపి ఇరవై ఏడు రోజులకు పైబడిన కాలం. ఇంచుమించు ఒక నెల! మానవులు ఏ యుగంలోనైనా రోజుకు సగటున గంటసేపు ప్రయాణానికి కేటాయిస్తారని చెజారే మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో సిద్ధాంతీకరించాడు. ఉపాధ్యాయుని ప్రయాణం దానికి మూడింతలు. ఆ అదనపు గంటలు పిల్లల చదువు నుండి, తల్లి సేవ నుండి, ఆయన నిద్ర నుండి తీసుకున్నవే.

4. పొరుగు ఉన్నదా?

పొలిమేర ఇంట్లో పొరుగంటే మనుషులు మాత్రమే కారు. వీధికుక్కలు, మేతకు వచ్చే గొర్రెలు, పాములు కూడ పొరుగువే. గిద్దలూరు వైపు నల్లమల అడవి దగ్గర. చెత్త కుప్పలున్నచోట కుక్కలు చేరుతాయి. కుక్కలున్నచోటికి చిరుతపులి రావచ్చు, కుక్క దానికి సులభమైన ఆహారం. అడవి అంచున నివసించేవారు రాత్రివేళ పెంపుడు కుక్కను ఆరుబయట కట్టివేయరాదు. చెత్తను ఎప్పటికప్పుడు తొలగించాలి.

పెంపుడు కుక్కకు ఏటేటా రేబిస్ టీకా వేయించడం యజమాని విధి. ఏ కుక్క కరచినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడు ప్రాణాంతకమే. ఇల్లు మారేటప్పుడు పెంచిన జంతువును వీధిపాలు చేయడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. పొరుగువారికి ఇబ్బంది కలుగకుండా దానిని అదుపులో ఉంచుకోవడం మర్యాద. ఆ మర్యాద తప్పినచోటనే 'కుక్కలున్నవారికి ఇల్లు అద్దెకు లేదు' అనే మాట పుడుతుంది.

ముగింపు

ఉపాధ్యాయుని కుటుంబం ఆ లేఅవుటును మరి మూడుసార్లు చూసింది. నడివేసవి మధ్యాహ్నం నీటి కోసం చూడగా చేతిపంపు పొడిగా ఉన్నది. వాన కురిసిన సాయంత్రం దారి కోసం చూడగా మట్టిబాట బురదమయమై ఉన్నది. రాత్రివేళ పొరుగు కోసం చూడగా ఒక్క దీపమైనా కానరాలేదు. వారు ఆ స్థలాన్ని వదులుకున్నారు. పట్టణానికి దగ్గరగా, కొళాయి ఉన్న వీధిలో, అందులో సగం విస్తీర్ణం గల పాత ఇంటిని పత్రాలన్నీ పరిశీలించి కొన్నారు. పెరడు చిన్నదే, అయినా కుక్కకు చోటు దొరికింది. ఉపాధ్యాయుడు మార్కాపురం వైపు బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు.

కంభం చెరువు కట్టించినవారు ముందుగా గుండ్లకమ్మ ప్రవాహాన్ని నిలిపారు. ఆ నీటిని ఆశ్రయించి పొలాలు పండాయి, ఊళ్ళు నిలిచాయి. శతాబ్దాల నాటి ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ముందు నీరు, తరువాత ఊరు అనే ఆ క్రమం నేటి గృహస్థునికీ శిరోధార్యం.

శబ్దార్థాలు

పొలిమేర = ఊరి సరిహద్దు
శివారు = ఊరి చివరి భాగం
కచేరీ = ప్రభుత్వ కార్యాలయం
గిరాకీ = కొనేవారి కోరిక, డిమాండు
నిర్వాసితులు = నివాసం కోల్పోయినవారు
పోరంబోకు = ప్రజావసరాలకు విడిచిన ప్రభుత్వ భూమి
శిరోధార్యం = తలదాల్చదగినది, ఆచరింపదగినది

వ్యాకరణాంశాలు

కింది వాటిని గమనించండి.
ప్రజావసరాలు = ప్రజా + అవసరాలు (సవర్ణదీర్ఘ సంధి)
సంవత్సరాంతం = సంవత్సర + అంతం (సవర్ణదీర్ఘ సంధి)
క్రయవిక్రయాలు = క్రయమును, విక్రయమును (ద్వంద్వ సమాసం)
నాలుగు ప్రశ్నలు = నాలుగు అను సంఖ్య గల ప్రశ్నలు (ద్విగు సమాసం)

ప్రశ్నలు

అ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'ఉద్యాన నగరం' భావనను ప్రతిపాదించినది ఎవరు?
2. తాగునీటిలో ఫ్లోరైడు ఎంతకు మించరాదు?
3. స్టేషను పేరు చివర 'రోడ్డు' అని ఉంటే అర్థమేమి?

ఆ) సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ఈసీ పత్రం వల్ల ప్రయోజనమేమి?
2. కుక్క కరచినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

ఇ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పొలిమేర ఇల్లు కొనేవారు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలను వివరించండి.
2. "ముందు నీరు, తరువాత ఊరు" అనే మాటను మీ ఊరికి అన్వయించి చర్చించండి.