అంబుసంశోధనము - కృత్రిమక్షితిజము

సూర్యసిద్ధాంతమునందలి త్రిప్రశ్నాధికారము దిక్సాధనముతో ఆరంభమగుచున్నది. శంకువును నిలుపు శిలాతలము 'అంబుసంశుద్ధము' కావలెనని అచ్చట విధి. పాఠశాలలో చదువుకొను దినములలో ఈ పదమునకు 'నీటితో కడుగబడినది' అనియే నేను అర్థము చెప్పుకొంటిని. ప్రకరణమును బట్టి అది పొసగదు. 'నీటిచే సమత్వము పరీక్షింపబడినది' అనుటయే యుక్తము. ఇది కేవల శబ్దవిచారము కాదు. తలము వంగిన ఛాయ తప్పును. ఛాయ తప్పిన అక్షాంశము తప్పును. అక్షాంశము తప్పిన లగ్నము తప్పును.

ద్రవమునకు గల ఈ సమత్వధర్మమునే, నావికుల సెక్స్టెంటును నేలపై వాడువారును ఆశ్రయింతురు. ఆ యంత్రమునకు సముద్రక్షితిజము ఆధారము. మంగినపూడి తీరమున నిలిచినవానికి తూర్పున సముద్రరేఖ కనబడును గాని, ఉత్తరమున ధ్రువుని క్రింద నేలయు చెట్లునే యుండును. గుడివాడకు పోయినచో ఏ దిక్కునను జలరేఖ లేదు.

దీనికి పరిహారము కృత్రిమక్షితిజము. లోతులేని పాత్రలో పాదరసమును గాని, నల్లని పళ్ళెములో ఆముదమును గాని పోసి నిశ్చలముగ నుంచుదురు. పాదరసపు ఆవిరి విషము గావున విద్యార్థులకు ఆముదమే మేలు. గాలికి తలము వణకకుండ అద్దపు కప్పు వలయును. సూర్యుని గాని, ప్రతిబింబమును గాని యంత్రపు నల్లయద్దములు లేక చూడరాదు.

సూర్యుడు క్షితిజమునకు ఎంత పైన నుండునో, ప్రతిబింబము అంత క్రింద కనబడును. కావున రెండు బింబములను ఏకముచేసి కొలిచిన కోణము ఉన్నతాంశకు ద్విగుణము. యంత్రదోషమును ముందు సవరించి, పిదప సగము చేసి, అటుపై వక్రీభవనమును సంస్కరింపవలెను. కంటియెత్తు వలన సముద్రక్షితిజము క్రుంగు దోషము ఇందు లేదు.

ఉదాహరణము: డిసెంబరు 22 మధ్యాహ్నమున మంగినపూడిలో ఈ ద్విగుణకోణము సుమారు 100½ అంశలు. అందు సగము 50¼, నతాంశ 39¾. దానినుండి దక్షిణక్రాంతి 23½ తీసివేయగా 16¼ అంశలు అక్షాంశము. విషువద్దినమున ద్విగుణము సుమారు 147½ అగును. సెక్స్టెంటు సామాన్యముగ 120 అంశలకు మించి కొలువదు గనుక, ఈ తీరమున మధ్యాహ్నవేధకు శీతకాలమే అనువైనది.

ఇదంతయు మన గ్రంథములందు కలదా? బ్రహ్మగుప్తుడు 628లోను, భాస్కరాచార్యుడు 1150లోను నీటియందలి ప్రతిబింబముచే గృహవంశాదుల యెత్తును సాధించు గణితము చెప్పిరి. అయితే అది సజాతీయత్రిభుజగణితము. ద్విగుణకోణమును కొలుచుట కాదు. అద్దములచే కోణమును కొలుచు యంత్రమును హ్యాడ్లీ 1731లో ప్రకటించెను. ఉన్నదానిని ఉన్నంతవరకు చెప్పుటయే శాస్త్రమునకు గౌరవము. లేనిదానిని ఆరోపించినచో ఉన్నదానిపైనను విశ్వాసము సడలును.

త్రిప్రశ్నాధికారమును బోధించు అధ్యాపకులు ఒక్క మధ్యాహ్నము విద్యార్థులతో ఈ వేధ చేయించి, పిదప 'అంబుసంశుద్ధ' పదమునకు అర్థము అడుగుదురుగాక. కడుగుట అని ఎవరును చెప్పరు.